పునరుక్త గృహధ్వని

పాలకొల్లు లింగేశ్వర్రావుకి చెవుడు ఉచితంగానే వచ్చింది. వినికిడి మాత్రం కొనుక్కోవలసి వచ్చింది. ఆ కొనుక్కున్న వినికిడి ఎవరిది అన్న ప్రశ్న అప్పట్లో ఆయనకి తట్టలేదు. కొట్లో కొన్న గొడుగు కొన్నవాడిదే, చెప్పులు కొన్నవాడివే, చెవిలో పెట్టుకునే యంత్రం మాత్రం ఇంకెవరిది అవుతుంది అనుకునే పాతకాలం మనిషి.

చెవుడు రైసు మిల్లు ఇచ్చింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఆ మరల మోత పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రిటైరయ్యేనాటికి కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి ఏదో మొహమాటానికి పనిచేస్తోంది. దాంతో ఆయన భార్య శేషారత్నం వంటింట్లోంచి కేకలు వేసి మాట్లాడడం మొదలుపెట్టింది. ఆవిడ ఆయనకి చెప్పిన కూర వీధి చివరి ఇంటికి కూడా తెలిసిపోయేది.

అరిచే గొంతు ఎవరిదైనా ఒకలాగే ఉంటుంది. లింగేశ్వర్రావు బాధల్లా అదే. ఎందుకంటే శేషారత్నం గొంతు ఒకప్పుడు ఊరు ఊరంతా చెవులు రిక్కించి విన్న గొంతు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. రిసీవరు ఎత్తగానే "నంబర్ ప్లీజ్" అని వెన్న మీద వేలు పెట్టినట్టు ఒక మాట వచ్చేది. పెద్ద తుఫానులో ఎక్స్‌ఛేంజి కప్పు రేకులు ఒక్కొక్కటే లేచిపోతున్నా ఆ మాట తొణకలేదని పెద్దవాళ్లు చెప్పుకుంటారు. ఆ రోజుల్లో మిల్లు తరఫున లారీల కోసం ఫోన్లు చేసే పని లింగేశ్వర్రావుది. లారీ పని లేనప్పుడు కూడా ఆయన నిడదవోలుకి ట్రంకాల్ బుక్ చేసేవాడు, కాసేపాగి రద్దు చేసేవాడు. కొన్నాళ్లు చూసి ఒకరోజు ఆవిడే అంది, "నిడదవోల్లో మీకెవరూ లేరని నాకు తెలుసండి. మాట్లాడాలనుంటే ఆదివారం ఇంటికొచ్చి మా నాన్నగారితో మాట్లాడండి."

అలా కట్టుకున్న గొంతు. దాన్ని మళ్లీ మెల్లగా వినాలనే ఆయన భీమవరం వెళ్లి 'వీనులవిందు' అనే సంస్థవారి చెవి యంత్రం కొన్నాడు. శనగగింజంత ఉంది. ఆ డబ్బుకి పాడి గేదెలు వచ్చేవని తమ్ముడు అన్నాడుగాని, గేదెలు ఆయనతో మాట్లాడవు కదా.

యంత్రం పెట్టుకుని ఇంటికొచ్చేసరికి శేషారత్నం గుమ్మంలో నిలబడి, "చెప్పులు బయట విడవండి" అని మామూలుగా అంది. అదే గొంతు. కొంచెం ముదిరింది, అంతే. లింగేశ్వర్రావు చెప్పులు విడవడం మర్చిపోయి అక్కడే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

ఒకటి రెండు నెలలు ఇద్దరూ హాయిగా ఉన్నారు. అప్పుడు ఒకనాటి పొద్దున ఆయన పేపరు చదువుకుంటుంటే యంత్రం తనంతట తానే చెవిలో మాట్లాడింది. శ్రోత మహాశయుల మేలు కోరి సంస్థవారు యంత్రాన్ని రాత్రికి రాత్రే మరింత తెలివైనదానిగా మార్చారనీ, ఈ కొత్త తెలివి పేరు 'మనశ్శాంతి' అనీ, ఇకపై రోజూ ఒకే తీరుగా వినిపించే అనవసరపు మోతలు ఆయన చెవి దాకా రావనీ చెప్పింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ సంస్థ అడక్కుండానే పెట్టింది.

మొదట ఫ్యాను చప్పుడు పోయింది. తర్వాత పక్కింటి మంగాయమ్మగారి నీళ్ల మోటారు పోయింది. పాత ఇనుము కొంటానని మైకులో తిరిగేవాడు పోయాడు. ఎంత బాగుందో అనుకుంటుండగా శేషారత్నం పోయింది.

అంటే మనిషి ఎదురుగానే ఉంది, పెదాలు కదులుతున్నాయి, చేతిలో గరిటె ఉంది. మాటే లేదు.

నిజం చెప్పుకోవాలి. మొదటిరోజు లింగేశ్వర్రావు సంతోషించాడు. పేపరు అట్ట నుంచి అట్ట దాకా చదివాడు. ఆవిడ పెదాలు కదిలినప్పుడల్లా తల ఊపాడు. దేనికి ఊపాడో తెలియదు కాబట్టి సాయంత్రం బావమరిది కుటుంబం నలుగురూ సామానుతో సహా దిగారు. మర్నాడు చొక్కా తిరగేసుకుని పెళ్లికి వెళ్లొచ్చాడు. బీపీ మాత్ర మర్చిపోయాడు. ఇవన్నీ ఎలాగో సర్దుకునేవేగాని, ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర శేషారత్నం ఏదో అని, తనలో తనే ఫక్కుమని నవ్వింది. ఆ నవ్వుకి ముందున్న మాట ఏమిటో ఆయనకి తెలియలేదు. మళ్లీ చెప్పమన్నాడు. ఆవిడ మళ్లీ చెప్పింది. మళ్లీ చెప్పిన మాటని తీసెయ్యడమే కదా దాని పని. ముద్ద నోటికి పోలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అనుకుంటూ చెయ్యి కడుక్కుని లేచాడు.

సంస్థకి ఫోను చేస్తే శ్రోతృ సంక్షేమాధికారి అనే ఆయన దొరికాడు.

"మా ఆవిడ మాట వినబడతల్లేదండి," అన్నాడు లింగేశ్వర్రావు.

"చాలా సంతోషం. యంత్రం సక్రమంగా పనిచేయుచున్నదన్నమాట," అన్నాడు అధికారి.

తర్వాత ఆయన ఓపిగ్గా వివరించాడు. శ్రోతగారి సతీమణి వాక్కును యంత్రం కొన్నాళ్లు శ్రద్ధగా పరిశీలించి, అందులో కొత్తదనం లేదని తేల్చి, 'పునరుక్త గృహధ్వని' అనే తరగతిలో చేర్చింది. ఫ్యాను, మోటారు వగైరా కూడా అదే తరగతి. మనశ్శాంతిని ఆపే మీట ఎక్కడుందని అడిగితే, పెద్దవయసు శ్రోతలు పొరపాటున నొక్కుకుని ఇబ్బంది పడుతున్నారని దయతో తీసేశామన్నాడు.

"కొన్నది నేను కదండి," అన్నాడు లింగేశ్వర్రావు.

"యంత్రం సంపూర్ణంగా తమరిదే. అందులోంచి ఏది వినబడాలో నిర్ణయించే భారం మాత్రం మాది. ఆ బరువు తమ వంటి పెద్దల మీద మోపుట మాకు ఇష్టం లేదు."

ఇంకా పట్టుబడితే ఒక సలహా ఇచ్చాడు. సతీమణిగారిని రోజుకో కొత్త మాట మాట్లాడమనండి, యంత్రం తప్పక గౌరవిస్తుంది అన్నాడు.

లింగేశ్వర్రావు యంత్రం తీసి పక్కన పెడితే, శేషారత్నం సంగతంతా ఆయన్ని మళ్లీ కేకలేసి నిలదీసి అడిగి తెలుసుకుంది. తన మాటని ఫ్యానుతో కలిపారని విని ఆవిడకి ఒళ్లు మండింది. కాని ఆవిడ పౌరుషం గల మనిషి. మర్నాడు పొద్దున యంత్రం పెట్టుకున్న ఆయన ఎదుట గ్లాసు పెట్టి, "పొగలు కక్కు పానీయము మీ రాకకై నిరీక్షించుచున్నది" అంది. ఠక్కున వినిపించింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ తర్వాతి రోజు ఆవిడ సీసపద్యం ఎత్తుగడలో చెప్పింది. ఆపైన మిల్లు భాషలో, "ఒక బస్తా కాఫీ దిగింది, సంతకం పెట్టి తీసుకోండి" అంది. చన్నీళ్ల స్నానం చెయ్యొద్దన్న మాటని ఆకాశవాణి వార్తల్లా చదివింది. మంగాయమ్మగారు గోడ మీంచి విని, రత్నంగారి ఆయనకి మతి తప్పిందేమో అనుకున్నదల్లా, తప్పింది రత్నంగారికే అని వీధిలో చెప్పింది.

ఇద్దరికీ సరదాగానే ఉంది. కాని సంస్థవారు ఊరుకోలేదు. యంత్రాన్ని ఇంకా తెలివైనదాన్ని చేశారు. ఇప్పుడది మాటలు కాదు, అర్థం చూస్తోంది. పానీయమన్నా బస్తా అన్నా కాఫీయేనని కనిపెట్టేసింది. ఆలోచిస్తే ఏ కాపురంలోనైనా అర్థాలు ఎన్నుంటాయి? తిన్నారా, మందేసుకున్నారా, జాగ్రత్తగా వెళ్లిరండి. వాటినే జన్మంతా తిప్పి తిప్పి చెప్పుకుంటారు. వారం తిరిగేసరికి శేషారత్నం దగ్గర కొత్త అర్థాలు అయిపోయాయి. ఆవిడ మాట్లాడడం తగ్గించింది. అది చూసి లింగేశ్వర్రావుకి గుండె చెరువైంది.

భీమవరం కొట్టుకి పరిగెత్తి, దీన్ని విప్పి పాత తెలివితక్కువ యంత్రంగానే మార్చి ఇమ్మన్నాడు. కొట్టువాడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. దాని మూత సంస్థవారు తప్ప ఎవరు తీసినా అది అభిమానంతో ప్రాణం విడుస్తుందట. వెనక్కి తీసుకోమంటే, ఒకసారి చెవిలో దూరినది వెనక్కి రాదన్నాడు. అప్పీలు చేసుకోవచ్చు, దానికో సంఘం ఉందన్నాడు.

ఆ సంఘం పేరు ధ్వని ప్రాముఖ్య నిర్ణయ సంఘం. అధ్యక్షుడూ ఇద్దరు సభ్యులూ కారేసుకుని పాలకొల్లు వచ్చి హాల్లో కూర్చున్నారు. అధ్యక్షుడు కూడా వీనులవిందు యంత్రమే పెట్టుకున్నాడు. సభ్యులిద్దరూ ఆయన దగ్గర ఏళ్ల తరబడి "అవునండి" అనే మాట తప్ప ఇంకో మాట అనలేదు కాబట్టి వాళ్లు ఆయనకి వినబడడం మానేసి చాలాకాలమైంది. అందువల్ల సంఘం తీర్మానాలన్నీ ఏకగ్రీవం.

"అమ్మా," అన్నాడు అధ్యక్షుడు, "నిబంధనల మేరకు, ఈ గృహమునందు మునుపెన్నడూ పలుకబడనిదీ, వినకున్నచో శ్రోతకు నష్టము వాటిల్లునదీ అగు వాక్యమొకటి సెలవివ్వండి."

శేషారత్నం కొంచెం ఆలోచించి, "కాఫీ తాగుతారా అండి?" అంది.

అధ్యక్షుడు విచారంగా తల అడ్డంగా ఊపాడు. ఇది నిబంధనల మేరకు పునరుక్తి అన్నాడు.

"ఆయన మందేసుకున్నారో లేదో రోజూ అడగాలండి. ఒకనాడు అడిగి ఊరుకుంటే సరిపోద్దా?"

"రోజూ అడుగునది సమాచారము కాదమ్మా. నిబంధనల మేరకు అది అలవాటు."

"అలవాటైతే మానెయ్యాలా? అన్నం రోజూ తింటల్లేదా మీరు?" అంది శేషారత్నం.

సభ్యులిద్దరూ నవ్వేశారు. అధ్యక్షుడికి వినబడలేదు కాబట్టి వాళ్ల ఉద్యోగాలు నిలిచాయి. ఆయన తన ధోరణిలో నిబంధనల మేరకు, నిబంధనల మేరకు అంటూ సాగిపోతూ ఉండగా, లింగేశ్వర్రావు చెవిలో ఆయన గొంతు మెల్లగా సన్నగిల్లి ఆగిపోయింది. పెదాలు మాత్రం ఆడుతున్నాయి. కొంతసేపు ఆయన మర్యాదకి తల ఊపాడు. బావమరిది రాక గుర్తొచ్చి ఆపేశాడు.

"తమరి మాట కూడా పోయిందండి. ఫ్యానులో కలిసిపోయారు," అన్నాడు.

అప్పుడు చూడాలి ఆ హడావుడి. అధ్యక్షుడు ముఖం ఎర్రబడి ఎవరికో ఫోను చేశాడు. శేషారత్నం తెచ్చిన కాఫీ చల్లారకముందే ఆయన గొంతు మళ్లీ ఖంగుమంది. సంస్థ ప్రతినిధుల పలుకులకు శాశ్వత ప్రాముఖ్యం కల్పించినట్టు ప్రకటించాడు. అంటే చెయ్యదలిస్తే చిటికెలో పని. మరి మా ఆవిడది కూడా అలాగే చేసెయ్యండి అని లింగేశ్వర్రావు ఆశగా చేతులు జోడించాడు.

"అది విధాన నిర్ణయము. ఇది గృహ సమస్య," అన్నాడు అధ్యక్షుడు.

అయినా వచ్చినందుకు ఏదో ఒకటి ఇవ్వాలి కదా. నిప్పు, దొంగ, పాము అనే మూడు ఆపద మాటల్లో సతీమణిగారు ఒకటి ఎంచుకోవచ్చన్నాడు. ఆ మాట అనగానే యంత్రం కొద్దిసేపు తలుపు తెరిచి అన్నీ విననిస్తుంది. మూడూ కావాలంటే మరో పథకం ఉందిట. నిప్పు అని రోజూ అనడం అశుభమని శేషారత్నం వద్దంది. దొంగ అంటే ఎదురింటి కాంట్రాక్టరు నొచ్చుకుంటాడు. పాము మిగిలింది.

ఆ రోజు నుంచి ఆ ఇంటి సంసారం పాము మీద నడిచింది. "పామండి. కాఫీ." "పాము. మందేసుకున్నారా?" "పామండి, ఇంకాస్త పప్పు వేసుకోండి." మొదట్లో ఇరుగుపొరుగు కర్రలు పట్టుకుని గోడ దూకి వచ్చేవారు. వచ్చినవాళ్లకి శేషారత్నం మజ్జిగ ఇచ్చి సంగతి చెప్పేది. కొన్నాళ్లకి రావడం మానేశారు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడగడానికి కూడా పామునే పిలుస్తున్నారే అని మంగాయమ్మగారు నిట్టూర్చింది. లింగేశ్వర్రావుకి అవేమీ పట్టలేదు. పాము వెనకాల అయినా సరే, ఆ గొంతు వస్తోంది. అంతే చాలనుకున్నాడు.

రోజుకి పదిసార్లు పిలిస్తే పాము కూడా పాతబడుతుంది. ఒక పొద్దున ఆయన చెవిలో అదీ ఆగిపోయింది. సంస్థకి ఫోను చేస్తే, అతివినియోగం వల్ల ఆపద తన ప్రాముఖ్యాన్ని కోల్పోయిందని చెప్పి, విచారం వ్యక్తం చేశారు.

ఆ వారంలోనే నిజం పాము వచ్చింది.

లింగేశ్వర్రావు దండెం మీది తువ్వాలు తీసుకుందామని పెరట్లోకి నడుస్తున్నాడు. కొబ్బరి డొక్కల పోగులోంచి తాచు ఒకటి వచ్చి దారికి అడ్డంగా పడుకుంది. ఆయన చూపు తువ్వాలు మీద ఉంది. వంటింటి గుమ్మంలోంచి శేషారత్నం చూసి, "పాము" అని అరిచింది. వీధిలో ఒక్కరూ కదల్లేదు. ఎవరింట్లో వాళ్లు, ఇవాళ పప్పేమో అనుకున్నారు. "ఏవండీ, ఆగండి" అంది. అది ఆయన గడప దాటబోయిన ప్రతిసారీ ఆవిడ అనే మాటే. యంత్రం తన ధర్మం తాను నిర్వర్తించింది. ఆయన ఇంకో అడుగు వేశాడు. ఆవిడ కాళ్లు గడప దగ్గరే బిగుసుకుపోయాయి.

కంగారు పుడితే కొందరికి దేవుడు గుర్తొస్తాడు, కొందరికి అమ్మ గుర్తొస్తుంది. ఆవిడ నోట తుఫాను నాడు వచ్చిన మాటే వచ్చింది.

"నంబర్ ప్లీజ్."

ఆ ఇంట్లో ఎన్నడూ అనని మాట. యంత్రం తడుముకుంది. దాని తెలివికి ఏ తరగతో అంతుబట్టలేదు. వదిలేసింది.

లింగేశ్వర్రావు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. మిల్లు లేదు, పెరడు లేదు, చేతిలో నల్లటి రిసీవరు ఉన్నట్టే అనిపించింది.

"నిడదవోలు," అన్నాడు.

అని వెనక్కి తిరిగాడు. శేషారత్నం గడప దగ్గరే నిలబడి పాము వైపు వేలు చూపించింది. ఆయన ఎత్తిన కాలు వెనక్కి పెట్టాడు. తాచు కాసేపు ఇద్దరినీ చూసి, తనకి ఇక్కడ ప్రాముఖ్యం లేదనుకుందో ఏమో, కాలవ గట్టు వైపు వెళ్లిపోయింది.

తర్వాత ఇద్దరూ వెనక గుమ్మం మెట్ల మీద కూర్చున్నారు. ఆయన చెవిలోంచి శనగగింజ తీసి, లోపలికి వెళ్లి, ఇంగువ డబ్బాలో పడేసి మూత పెట్టి వచ్చాడు. ఆవిడ ఎడమ పక్కకి జరిగి, భుజం మీద చెయ్యి వేసి, చెవికి దగ్గరగా ఏదో చెప్పింది. అరవలేదు. అరవనక్కర్లేదని ఇన్నేళ్లకి అప్పుడు తెలిసింది ఇద్దరికీ. చెవుడు చెవిలో కొంత ఉంటే, వంటింటికీ హాలుకీ మధ్య ఇంకాస్త ఉంది. దగ్గరికొస్తే ఆ ఎడమ చెవికి ఆ గొంతు ఇంకా అందుతోంది.

మర్నాడు సంస్థవారు ఫోను చేశారు. శ్రోతగారి చెవి చాలాసేపటి నుంచి యంత్రంలో లేదనీ, ఇది శ్రవణ నియమాలకు విరుద్ధమనీ, ఇంగువ వాసన వస్తున్నట్టు కూడా నమోదైందనీ అన్నారు. ఫోను ఎత్తింది శేషారత్నం. ఆవిడ ఎంతో మర్యాదగా, పాత గొంతుతో, "లైను బిజీగా ఉందండి. తర్వాత ప్రయత్నించండి," అని పెట్టేసింది.

ఇప్పుడు ఆవిడ ఏం చెప్పాలన్నా వంటింట్లోంచి లేచి వస్తుంది, ఎడమ పక్కన కూర్చుంటుంది, చెవిలో చెబుతుంది. ఈ వయసులో ఆ గుసగుసలేమిటోనని మంగాయమ్మగారు ముక్కున వేలేసుకుంది. ఏముంటాయి, కాఫీ చల్లారిపోతోంది, మందేసుకున్నారా, అవే. మొదటిసారికే ఆయనకి చక్కగా వినబడుతుంది. అయినా లింగేశ్వర్రావు పేపరులోంచి తల ఎత్తకుండా "ఆఁ?" అంటాడు.

ఆవిడ మళ్లీ చెబుతుంది.